బోరు నీళ్ల రీడింగ్

"పన్నెండు పాయింట్ నాలుగు రావట్లేదు సార్. పదిహేడు పాయింట్ నాలుగొస్తోంది."

ఇంజనీరింగ్ ఫస్టియర్ ల్యాబ్‌లో ఓ పిల్ల అలా అనేసరికి లెక్చరర్‌కి చిర్రెత్తుకొచ్చింది.

ఆ పిల్లలకి కెమిస్ట్రీ, బయాలజీ రెండూ ఆయనే చెబుతాడు. మెషిన్లు చదివేవాళ్లకి ఈ బ్యాక్టీరియా ఎందుకు సార్ అంటే, "పది మార్కులకి" అంటాడు. అంతటి స్పష్టత.

ఇవాళ్టిది కాలేజీ బోరు నీళ్ల కఠినత్వం కొలిచే ప్రయోగం. ఎవరు చేసినా బ్యూరెట్‌లో పన్నెండు పాయింట్ నాలుగే రావాలి. సీనియర్ల రికార్డుల్లో అదే ఉంది. వాళ్ల సీనియర్ల రికార్డుల్లోనూ అదే. ప్రిన్సిపాళ్లు మారారు గానీ ఆ అంకె చెక్కు చెదరలేదు.

"మళ్లీ చెయ్యి."

"మూడుసార్లు చేశాను సార్."

"అయితే మూడుసార్లూ తప్పే చేశావ్. రేపు తనిఖీ వాళ్లొస్తున్నారు. నా ఉద్యోగం పర్మినెంటవ్వాలా వద్దా? నీకు పుణ్యముంటుంది, పన్నెండు పాయింట్ నాలుగు రాసెయ్ తల్లీ."

గుమ్మంలోంచి ఓ ముసలాయన తొంగి చూశాడు.

"ఆ అమ్మాయిదే కరెక్టు బాబూ. ఒక్కసారి మీ చేత్తో చేసి చూడండి."

"మీరెవరు? పేరెంటా?"

"కాదు."

"బతికించారు. బయటికి నడవండి."

"అది కాదు బాబూ, ఆ పన్నెండు పాయింట్ నాలుగు..."

"పాతికేళ్ల రికార్డులండీ! ఇంతమంది తప్పు, మీరొక్కరే రైటా?"

ల్యాబ్ అటెండర్ ఏదో చెప్పబోయాడు. "నువ్వు నోర్ముయ్" అన్నాడు లెక్చరర్.

ముసలాయన వెళ్లిపోయాడు.

మర్నాడు తనిఖీ వాళ్లలో ఒకావిడ రికార్డులు తిరగేసింది. అరవై రికార్డులు, ఒకటే అంకె. ఆవిడ చేతులు కడుక్కుని తనే ప్రయోగం చేసింది.

పదిహేడు పాయింట్ నాలుగు.

"పిల్లలు కాపీ కొడతారని తెలుసు. మీరే కొట్టిస్తారని తెలీదు" అని, తన కాగితాల్లో ఏదో రాసుకుని వెళ్లిపోయింది. పర్మినెంటు సంగతి వచ్చే ఏటికి పోయింది.

లెక్చరర్ స్టూలు మీద కూలబడ్డాడు.

"ఆ ముసలాయనకి ముందే ఎలా తెలుసురా?"

"నిన్న చెప్పబోతే నోర్ముయ్యమన్నారు కదండీ" అన్నాడు అటెండర్, గాజుగొట్టాలు కడుగుతూ. "కాలేజీ పెట్టిన ఏడాది ఆ పన్నెండు పాయింట్ నాలుగు తీసిన మాస్టారండీ ఆయన, ఆ రోజు కళ్లజోడు ఇంట్లో మర్చిపోయి ఏడుని రెండుగా చదివానని, తనిఖీకి ముందే దిద్దించి మీ పరువు కాపాడదామని రెండు బస్సులు మారి వచ్చారు."