ఎర పెట్టినవాడు

"ఆ బోను పెట్టినోడు మనిషేనా? చంటిపిల్లను ఎర చేసి తల్లికోతిని పట్టినాడు. నాకు దొరికితే పళ్లు రాలగొడతా."

మాటలు నేర్చిన కోతుల సినిమా చూసి వచ్చిన జయలక్ష్మి, మార్కాపురంలో తమ దుకాణం మేడ మెట్లెక్కుతూ కూడా తిడుతూనే ఉంది.

"హాల్లో అందరూ తిట్టినార్లే. ఇంక ఊరుకో" అన్నాడు వెనకాలే వస్తున్న భర్త పుల్లారావు.

మేడ మీద అడుగు పెట్టి ఆమె ఆగిపోయింది. బెల్లం బస్తాలు చింపే కోతులు ఒక్కటీ మిగలకూడదని ఆమే నల్లమల నుంచి పిలిపించిన సోమన్న, బోను పక్కన కూర్చుని ఉన్నాడు. బోనులో కోతిపిల్ల కీచుమంటోంది. పిట్టగోడ మీద దాని తల్లి పళ్లు కొరుకుతోంది.

"ఏందిది సోమన్నా? నీకు పిల్లల్లేరా?"

"ఇద్దరుండారమ్మా. పిల్ల లోపలుంటే తల్లి దానంతట అదే వస్తాది."

"ఆ సినిమాలో వాడికీ నీకూ తేడా ఏంది? సిగ్గు లేదా?"

సోమన్న తల వంచుకుని మెల్లగా అడిగాడు. "వాణ్ణి ఆ పనికి పిలిచినోళ్లెవరమ్మా?"

సినిమాలో కారులోంచి దిగకుండా వాడికి ఆ పని చెప్పిన పెద్దమనిషి జయలక్ష్మికి అప్పుడు గుర్తొచ్చాడు. హాల్లో అతన్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. తనూ అనలేదు.

"దీన్నొదిలితే రేపు మందంతా వస్తాది, చూసుకో" అన్నాడు పుల్లారావు.

ఆమె ఈసారి సోమన్నకు పని చెప్పలేదు. తానే వంగి బోను గొళ్లెం తీసింది.

తల్లికోతి ఆమె మీదికి దూకకుండా సోమన్న కర్ర పట్టుకుని అడ్డంగా నిలబడ్డాడు.