గడప దాటని గింజ

పాప పెదవులు వాస్తుంటే చెఫ్ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

అంతకు ముందే ఓ బుగ్గ కందింది. ఆడుకుని వచ్చింది కదా అని తల్లి కూడా పట్టించుకోలేదు. రెండు చెంచాల అన్నం తినేసరికి దగ్గు మొదలైంది. ఆ వెంటనే ఊపిరి అందలేదు. తండ్రి బ్యాగులోంచి సూదిమందు తీసి పాప తొడ మీద పొడిచాడు.

"పల్లీ పడదని ముందే చెప్పాను కదయ్యా! ఏం పెట్టావ్ నా బిడ్డకి?"

అంబులెన్సు వచ్చి పాపని తీసుకెళ్ళింది. తింటున్నవాళ్ళు ఒక్కొక్కరే చేతులు కడుక్కుని జారుకున్నారు.

జనం చెఫ్ హోటల్ని సరదాగా 'పడనివాళ్ళ హోటల్' అనేవారు. పాలు పడనివాళ్ళు, గుడ్డు పడనివాళ్ళు, గోధుమ పడనివాళ్ళు, బయటెక్కడా మెతుకు ముట్టనివాళ్ళు ఇక్కడికొచ్చి కడుపారా తినేవారు. పల్లీగింజ ఒక్కటైనా ఆ వంటింటి గడప దాటిన పాపాన పోలేదు. లోపలికి ఎవరు వెళ్ళాలన్నా బట్టలు మార్చుకోవాలి, మోచేతుల దాకా కడుక్కోవాలి, నోరు పుక్కిలించాలి. ఓసారి తనిఖీకొచ్చిన అధికారి చేత కూడా పుక్కిలింపించాడు మహానుభావుడు. కొడుకు హోటల్ చూడాలని మొదటిసారిగా ఇవాళే వచ్చిన కన్నతల్లికీ మినహాయింపు ఇవ్వలేదు.

"నీ వంటింటి గడప తొక్కన్లే నాయనా" అని నవ్వి, ఆవిడ చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని వీధి తలుపు పక్కన కుర్చీలో కూర్చుంది. వచ్చే పోయే పిల్లల్ని పలకరిస్తూ మురిసిపోయింది. ఈ గొడవ చూసి ఆవిడ వణికిపోతుంటే చెఫే ఆటో ఎక్కించి ఇంటికి పంపాడు.

తర్వాత వంటింటి మీద పడ్డాడు. డబ్బాలన్నీ కుమ్మరించాడు. నూనె వాసన చూశాడు. చాకులు, కూరలు తరిగే పలకలు తిప్పి తిప్పి చూశాడు. ఏమీ దొరకలేదు. మరి ఆకాశంలోంచి ఊడిపడిందా?

ఇక మిగిలింది మనుషులు. పాప పళ్ళెం ముట్టుకున్నది అతను కాక సహాయకురాలు ఒక్కతే. హోటల్ పెట్టిన నాటి నుంచీ ఉన్న మనిషి.

"నిజం చెప్పమ్మా. పొద్దున ఏమన్నా తిని వచ్చావా?"

"నన్నే అడుగుతున్నారా చెఫ్ గారూ?"

అంతే అందామె. ఏప్రన్ విప్పి, మడిచి, బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

సాయంత్రం పాప తండ్రి ఫోన్ చేశాడు. గండం గడిచిందట.

"పల్లీ వల్లే అంటున్నారు డాక్టర్లు. ఎలా జరిగిందో అదొక్కటి చెప్పండి. ఇంకేం అడగను."

గొంతులో కోపం లేదు. తిట్టినా బాగుండేది.

"తెలీదు సార్" అన్నాడు చెఫ్. "అది తెలీనివాడు ఇంకొకరి బిడ్డకి వండకూడదు. రేపట్నుంచి తెరవను."

అన్నమాట ప్రకారమే బోర్డు దింపి, తలుపుకి తాళం వేశాడు. తనకి వచ్చిన పని వంట ఒక్కటే. దారి పొడుగునా, ఎవరు చూస్తున్నా సరే, ఏడ్చుకుంటూ నడిచాడు.

అమ్మ వాకిట్లోనే ఎదురుచూస్తోంది.

"ఆ పాపకెలా ఉందిరా?"

"బతికిందమ్మా."

"నా బంగారుతల్లే! లోపలికి రాగానే పరిగెత్తుకొచ్చి నా ఒళ్ళోనే కూర్చుందిరా, ఉండబట్టలేక బుగ్గ మీద గట్టిగా ముద్దు పెట్టుకున్నాను" అంది అమ్మ, చేతిసంచిలోంచి పొట్లం తీసి మిగిలిన నాలుగు పల్లీలూ నోట్లో వేసుకుంటూ.