దిక్సూచి

పర్యటన ముగిసి నెల దాటింది. ఇంట్లో గోడ గడియారం మాత్రం ఇంకా ఆ పరాయి దేశపు ఊరి టైమే చూపిస్తోంది.

"ఇప్పటికైనా దాన్ని మన టైముకి తిప్పవే తల్లీ," అంది అమ్మ. "నిన్న దాన్ని చూసి మీ నాన్న మూడు గంటల ముందే ఆఫీసుకి తయారై కూర్చున్నారు."

సాయంత్రం వచ్చి తిప్పుతానని చెప్పి కూతురు బ్యాగు తగిలించుకుని బయల్దేరింది. తిప్పాలా వద్దా అన్నది ఈ రోజు కాలేజీ ఛైర్మన్‌గారి చేతిలో ఉంది.

ఆమెది నర్సింగ్ కాలేజీ, మూడో సంవత్సరం. అసలు పేరు హాజరు పట్టీలోనే మిగిలింది. ఆ పదిహేను రోజుల పర్యటన పుణ్యమా అని అందరికీ ఆమె దిక్సూచి అయిపోయింది. పరాయి ఊళ్లో జట్టులో ఎవరు దారి తప్పినా ఆమెకే ఫోన్. ఎదురుగా ఏం కనిపిస్తోందని అడిగేది. చెప్పుల షాపు అంటే, ఒక సందు ముందుకి పోయావు, వెనక్కి తిరుగు అనేది. నిద్రమొహం అని ఒకతె ఉంది. బస్సులో కునుకు తీసి డిపో దాకా పోయింది. దాన్ని రెండు బస్సులు మార్పించి హాస్టల్‌కి చేర్చింది దిక్సూచే.

అంతటితో ఊరుకుందా? సాయంత్రమైతే చాలు, ఒక్కొక్కరినీ పట్టుకుని ఈ రోజు ఆసుపత్రి వార్డులో ఏం చూశారు, ఏం చేశారు, ఎవరేమన్నారు అని పీకి పాకం పెట్టేది. చెప్పిందంతా నోట్సులో ఎక్కించేది. నివేదిక రాసే పని ఆమెదే మరి. ఆ పదిహేను రోజులూ ఇది సరిగ్గా తిన్నదీ లేదు, పడుకున్నదీ లేదని అమ్మ ఇప్పటికీ పక్కింటావిడతో చెప్పి బాధపడుతుంది.

ఛైర్మన్‌గారిని పిల్లలు చాటుగా 'ఎందుకుగారు' అంటారు. ఏం చెప్పినా ఆయన నోట మొదట వచ్చే మాట అదే. ఇది చదువో షికారో తేలితేగానీ వచ్చే ఏడాది పర్యటన ఉండదని ప్రిన్సిపాల్ మేడంకి ఆయన ముందే చెప్పేశారు. జట్టులో అందరికీ తిట్లు పడతాయని భయం. దిక్సూచికి పర్యటనే ఆగిపోతుందని భయం.

మీటింగు గదిలో అటెండరు పది కుర్చీలే వేశాడు. ఒకటి తక్కువైంది. దిక్సూచి కిటికీ గట్టు మీద సర్దుకుంది.

జట్టులోంచి బుల్లెట్ లేచి ప్రొజెక్టరుతో గోడ మీద ఫొటోలు వేసింది. మామూలుగా గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతుంది కాబట్టే దానికా పేరు. మొదటి ఫొటోలో ఐస్‌క్రీం. రెండోదాంట్లో బస్సు. మూడోదాంట్లో బస్సులో ఐస్‌క్రీం.

వార్డు ఫొటో ఏదమ్మా అన్నారు ఎందుకుగారు. లోపలికి ఫోన్లు తీసుకెళ్లనివ్వరంది బుల్లెట్. మరి లోపల ఏం చూశారంటే, చాలా శుభ్రంగా ఉంటుందంది. ఎందుకు అన్నారాయన. బుల్లెట్ కూర్చుంది.

నిద్రమొహం లేచి, అక్కడ చలి బాగా ఎక్కువండీ అంది.

"చలి కోసం అంతదూరం ఎందుకమ్మా? ఇంట్లో ఫ్రిజ్ తలుపు తీసుకుని నిలబడితే సరిపోయేదిగా," అని ఆయన ఫైలు మూసేశారు. "బావుంది. కాలికి బలపం కట్టుకుని తిరిగొచ్చారన్నమాట."

దిక్సూచి గట్టు దిగి ముందుకొచ్చింది.

"ఒక్క నిమిషమండీ. అక్కడ డ్యూటీ మారేటప్పుడు నర్సులు బల్ల దగ్గర మాట్లాడుకోరు. రోగి మంచం పక్కనే నిలబడి, ఆయన వినేట్టు ఒకరికొకరు అప్పజెప్పుకుంటారు."

"ఎందుకు?"

"తప్పు చెబితే ఆయనే దిద్దుతాడని. ఏడో మంచం తాతయ్య ఒకరోజు, నొప్పి కుడి మోకాలికి కాదమ్మా, ఎడమదానికి అన్నాడు. కాగితంలో కుడి అనే ఉంది. అప్పటికప్పుడు కొట్టేసి మార్చారు."

ఆయన ఫైలు మళ్లీ తెరిచారు.

అరగంట సాగింది. రోగితో మాట్లాడేటప్పుడు నర్సు ఎందుకు స్టూలు లాక్కుని కూర్చుంటుంది, ఒక్కో వార్డుకి నేల మీద ఒక్కో రంగు గీత ఎందుకు, అన్నీ చెప్పింది. చివరికి ఆయన, హాస్టల్ నుంచి వార్డుకి దారి చెప్పమ్మా అన్నారు.

దిక్సూచి కళ్లు మూసుకుంది. గేటు దాటి ఎడమకి, చెప్పుల షాపు రాకముందే కుడివైపు సందు. లిఫ్టు ఎంతకీ రాదు, లాండ్రీ గది పక్క మెట్లు నయం. మొత్తం నలభై రెండు. మలుపులో రెయిలింగు ఊగుతుంది, దాన్ని పట్టుకోకూడదు.

నలభై రెండా అని బుల్లెట్ నోరు తెరిచింది. నిద్రమొహం మోకాళ్లు తడుముకుంది.

"కళ్లకు కట్టినట్టు చెప్పావమ్మా. చూస్తే ఇలా చూడాలి," అన్నారు ఎందుకుగారు. ఆయన దగ్గర ఎందుకులు అయిపోవడం కాలేజీ చరిత్రలో అదే మొదలు. "సరే, వచ్చే ఏడాదీ పంపుదాం. కానీ ఒకసారి వెళ్లినవాళ్లు మళ్లీ వద్దు. కొత్తవాళ్లకే అవకాశం. ఒక్కటే బాధ, ఇలాంటి పిల్లని మళ్లీ పంపలేను."

ఎవరో కిసుక్కున నవ్వారు. దిక్సూచికి కళ్లనిండా నీళ్లొచ్చాయి. పాపం చిన్నబుచ్చుకుందనుకుని ఆయన తల తిప్పుకున్నారు. కొత్త జాబితా ఇప్పుడే మొదలుపెట్టమని ప్రిన్సిపాల్ మేడంతో అన్నారు.

మేడం నవ్వు బిగబట్టి, కలం మూత తీసి, ఈ ఏడాది అర మార్కు తక్కువై పర్యటనకి ఎంపిక కాక ఇల్లు కదలని దిక్సూచి పేరు మొట్టమొదట రాశారు.