ఇంటిల్లిపాదికీ తెలుసు

"దయ్యాలకి కూడా టీ వేళ తెలుసన్నమాట! సరిగ్గా నాలుగింటికే దిగుతాయిట," అంది హెస్టర్, పట్టపగలు కిటికీ తెరలు దించుతూ.

"నోరు మూసుకో. ఆవిడ వచ్చే వేళయింది," అంది తల్లి. అంతలో కొక్కేనికి వేలాడుతున్న టోపీ మీద తల్లి చూపు పడింది. "అదేమిటే, నీ ఆదివారం టోపీ అంత బోడిగా ఉంది? నల్ల రిబ్బనేదీ?"

"వానకి పాడైతే తీసేశానమ్మా."

హెస్టర్‌కి పదిహేడేళ్ళు. అక్క మెర్సీకి ఇరవై. మరో మూడు వారాల్లో మిల్లు యజమాని కొడుకు ఎడ్విన్‌తో మెర్సీ పెళ్ళి. పెళ్ళిబట్టలు కుట్టడం కూడా అయిపోయింది. పెళ్ళికూతురే లేదు. తొమ్మిది రోజులయింది కనబడక.

అక్క లీడ్స్ రైలెక్కుతుంటే కళ్ళారా చూశానని హెస్టర్ ఊరందరికీ చెప్పింది. ఊరు నమ్మింది. పెళ్ళంటే భయపడి పారిపోయిందని చెవులు కొరుక్కుని, ఎడ్విన్‌ని చూసి జాలిపడింది. తల్లి కూడా సగం నమ్మింది. మిగతా సగం నమ్మకానికి అడ్డుపడింది మాత్రం నీళ్ళు నిండిన క్వారీ గుంట గట్టున దొరికిన మెర్సీ చేతితొడుగు.

అందుకే మిసెస్ ప్లంకెట్‌ని పిలిపించింది. ఆత్మలతో మాట్లాడటంలో యార్క్‌షైర్‌లో ఆవిడకి ఆవిడే సాటి. మెర్సీ చనిపోయిందని ఆవిడ అందో, తెల్లారేసరికి ఆ గుంటలో కొంకీలు వేయించి గాలించాలని తల్లి నిశ్చయం.

"ఎవరో బోడి ముసలమ్మ మాట పట్టుకుని గుంట కెలికించి నవ్వులపాలవుతావా అమ్మా? అక్క రేపో ఎల్లుండో ఉత్తరం రాస్తుంది," అని పొద్దుట్నించీ పోరుతూనే ఉంది హెస్టర్.

ఆ లోయలో జనం సంగతి చెప్పాలంటే రోజు చాలదు. నల్లపిల్లి ఎదురైతే ఇంట్లోంచి కదలరు. కొత్త చెప్పులు బల్లమీద పెడితే కయ్యానికొస్తారు. తేనెటీగలు సైతం వాళ్ళకి ఇంటి మనుషులే. మెర్సీ నిశ్చితార్థం నాడు మొదటి కేకు ముక్క పెరట్లో ఉన్న మూడు తేనెటీగల బుట్టలకే వెళ్ళింది. తాత పోయిననాడు నాయనమ్మ ఏడుపు దిగమింగుకుని ముందు బుట్టల దగ్గరికే నడిచింది. తాళంచెవితో ఒక్కోదాన్నీ తట్టి కబురు చెప్పి, నల్లగుడ్డ కట్టి వచ్చాకే ఏడవడం మొదలుపెట్టింది. చెప్పకపోతే అలిగి ఎగిరిపోతాయిట! హెస్టర్ ఈ చాదస్తాలన్నిటికీ పడీపడీ నవ్వేది. నవ్వుతూనే, ఉప్పు ఒలికితే మాత్రం చిటికెడు తీసి ఎడమ భుజం మీదుగా విసిరేది. అది వేరే సంగతి.

మిసెస్ ప్లంకెట్ వచ్చింది. రెండు కేకులు తిని, మూడోది రుమాల్లో చుట్టుకుంది. ఆత్మలకి కాబోలు. ముగ్గురూ బల్లచుట్టూ చేతులు కలిపి కూర్చున్నారు.

"మెర్సీ, వచ్చావా తల్లీ?" అంది మిసెస్ ప్లంకెట్.

టక్.

తల్లి ముందుకి వంగింది. "బతికున్నావా నాన్నా?"

టక్. టక్.

"రెండు తడితే లేదని," అంది మిసెస్ ప్లంకెట్ మెల్లగా. తరవాత ఆవిడ తల ఒక పక్కకి వాలిపోయింది. గొంతు మారిపోయింది. "ఈ సంగతి నీకు తప్ప ఇంటిల్లిపాదికీ తెలుసమ్మా."

హెస్టర్ కలిపిన చేతులు విడిపించుకుంది. మరుక్షణం ఫక్కున నవ్వేసింది.

"ఇంటిల్లిపాదీ ఎవరండీ? ఉన్నది మేమిద్దరం, ఓ గుడ్డి పిల్లి. పోనీ పిల్లినడగండి!"

అంటూనే బల్లమీద గుడ్డ పట్టి ఒక్క లాగు లాగింది. బల్లకింద మిసెస్ ప్లంకెట్ కుడికాలికి జోడు లేదు. బొటనవేలికి కట్టిన చెక్క గుండీ మాత్రం ఉంది.

"చూడమ్మా, అక్క ఆత్మ! గోళ్ళు కత్తిరించుకోవడం మరిచిపోయింది పాపం!"

మిసెస్ ప్లంకెట్ మొహం కందగడ్డయింది. తడబడుతూ జోడు తొడుక్కుంది. గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగింది.

"తట్టింది నేనే తల్లీ, ఒప్పుకుంటా. ఆ చివరి మాట మాత్రం నాది కాదు."

"కేకు ఎలాగూ మీది కాదు!" అని తలుపేసింది హెస్టర్.

తల్లి చాలాసేపు ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. కూతుర్ని గుండెలకి హత్తుకుంది.

"నువ్వే లేకపోతే ఆ మాయలమారి మాట నమ్మి చచ్చేదాన్నే! నా మెర్సీ బతికే ఉంది. ఇక గుంటా వద్దు, గాలింపూ వద్దు."

"నేను పొద్దుట్నించీ అన్నదీ అదేగా," అంది హెస్టర్, గట్టిగా ఊపిరి పీల్చుకుని.

"ఇవాళ టీలోకి తేనె ఉండాల్సిందే. తొమ్మిది రోజులై పెరటి గడపే దాటలేదు నేను. ఆ తేనెటీగలెలా ఉన్నాయో, ఏమో."

హెస్టర్ చటుక్కున లేచింది. "నువ్వు కూర్చో అమ్మా, నేను తెస్తా."

"నువ్వు కూర్చోవే. ఇంత పని చేసినదానివి, ఇవాళ నీకు నేను వడ్డిస్తా," అంటూ తల్లి గిన్నె పుచ్చుకుని వెళ్ళిపోయింది.

హెస్టర్ కిటికీ తెర పక్కకి తీసింది. తల్లి మొదటి బుట్ట దగ్గర ఆగింది. వంగి చూసింది. రెండో బుట్ట దగ్గరికి, అక్కణ్ణించి మూడోదాని దగ్గరికి నడిచింది. ఎంతసేపటికీ తిరిగి రాలేదు.

వచ్చినప్పుడు గిన్నె ఖాళీగానే ఉంది. రెండో చేతిలో, తొమ్మిది రోజుల వానకి వెలిసిపోయిన నల్ల రిబ్బను ముక్కలు మూడు ఉన్నాయి.

"మెర్సీ చచ్చిపోయిందని తేనెటీగలకి ఎప్పుడు చెప్పావే?" అని అడిగింది తల్లి.