పడగొట్టే మనిషి

"మీ కొండ మీద ఒక పిచ్చాయన తిరుగుతున్నాడు, మెరిన్!"

కేబిన్ తాళంచెవి తిరిగి ఇస్తూ అతిథి అరిచినంత పని చేసింది.

"ఏం చేశాడు?"

"పొద్దుటినుంచీ అవస్థపడి ఏడు రాళ్ళు ఒకదానిమీద ఒకటి నిలబెట్టాం. ఫోటో తీసేలోపే చేతికర్రతో ఒక్క పోటు పొడిచాడు. అన్నీ దొర్లిపోయాయి. పైగా 'క్షమించండి' అంటాడు! మేం మళ్ళీ రాం. వచ్చేవాళ్ళనీ రావద్దంటాం."

మెరిన్ ముఖం కందిపోయింది.

న్యూజిలాండ్ దక్షిణ దీవిలోని ఆ లోయలో, కొండ మొదట్లో, అద్దెకిచ్చే కేబిన్ ఆమెదొక్కటే. భర్త పోయాక గొర్రెల్ని అమ్మేసి దాన్నే నమ్ముకుంది.

జనం రావాలంటే కొండ మీద ఏదో ఒక సరదా ఉండాలి కదా. అందుకే కేబిన్ గోడకి కాగితం అంటించింది: 'పైన మీరు పేర్చిన రాళ్ళ ఫోటో పంపండి. అన్నిటికంటే ఎత్తైన దొంతరకి, నా చేత్తో చేసిన ప్లమ్ జామ్ సీసా.'

పోటీ బాగా పుంజుకుంది. ఇప్పుడు ఎవరో పనిగట్టుకుని దాన్ని పాడుచేస్తున్నారు.

మర్నాడు పొద్దున్నే గేటు దగ్గర కాపు కాసింది.

కొండదారి ఆమె పచ్చికలోంచే పోతుంది. నడిచేవాళ్ళని ఆపకపోవడం ఆ లోయ మర్యాద.

వచ్చినాయన ముసలివాడు. నది వంతెన పక్కన, ఇల్లులా వాడుకునే కారవాన్ బండిలో రెండేళ్ళుగా ఒంటరిగా ఉంటున్నాడు. పేరు కూడా ఎవరూ అడగలేదు.

"ఏవండీ, మా అతిథుల రాళ్ళు పడగొట్టేది మీరేనా?"

"నేనే."

"మీకేం అడ్డమొచ్చాయి?"

"అవి అక్కడ ఉండకూడదు."

"ఎందుకుండకూడదు? కొండ మీ తాతగారిదా?"

ఆయన నోరు తెరిచాడు. ఏదో చెప్పబోయి మింగేశాడు.

"తోచకపోతే చేపలు పట్టుకోండి. నదిలో ట్రౌట్లు బోలెడన్ని. నా పొట్ట మాత్రం కొట్టకండి. ఇవాళ్టినుంచి ఈ గేటు మీకు లేదు."

ఆయన ఎదుటే గొలుసు చుట్టి తాళం వేసింది. తాళంచెవి ఇకనుంచి అతిథులకే.

"సరే" అన్నాడాయన.

నది వైపునుంచి చుట్టు తిరిగి ఎక్కే ఓపిక ఆయన కాళ్ళలో లేదు. మూడు రోజులు వచ్చి గేటు బయట నిలబడ్డాడు, కొండకేసి చూస్తూ. నాలుగో రోజు రాలేదు.

పీడ విరగడైందనుకుంది మెరిన్.

ఎండలు తగ్గేసరికి కొండ మీద ఎక్కడ చూసినా దొంతరలే.

అక్కడ చలికాలానికి ముందొచ్చే ఈస్టర్ వారంలో సియోనే అనే బస్సు డ్రైవరు ఒంటరిగా వచ్చాడు. మనిషి భారీగా, మాట తేలిగ్గా ఉంటాడు.

"సీసా పక్కన పెట్టేయ్ మెరిన్. ఈసారి గెలుపు నాదే!"

నవ్వుకుంటూ ఎక్కాడు. మధ్యాహ్నం పొగమంచు దిగింది. సాయంత్రమైనా మనిషి దిగలేదు.

మరునాడు మధ్యాహ్నానికి గానీ గాలింపు జట్టు అతన్ని తేలేకపోయింది. జట్టు పెద్ద, పొరుగు రైతు డూగల్, మెరిన్ ముఖం చూడకుండా మాట్లాడాడు.

"తుంటి విరిగింది. బతుకుతాడు. ఇంకో రెండడుగులు వేసుంటే కొండచరియ మీంచి కిందపడేవాడే."

"అటెందుకు వెళ్ళాడు?"

"నన్నడుగుతావేం? చెట్లు దాటాక పైన దారెక్కడుంది? పొగమంచులో రాళ్ళ గుట్ట కనిపిస్తే దాని వెంట పోవడమే. మన తాతలు పెట్టిన దారి గుర్తులు పదకొండు. ఇవాళ నేను చూసినవి అరవై దాటాయి."

ఆ లోయలో నడక నేర్చిన ప్రతి పిల్లకీ తెలిసిన సంగతే అది. ఎండలో కూర్చుని కాగితం రాస్తున్నప్పుడు మెరిన్‌కి పొగమంచు గుర్తురాలేదు, అంతే.

స్ట్రెచర్ మీదనుంచి సియోనే తల తిప్పాడు.

"నేనింకా ఒక్క రాయీ పేర్చలేదు మెరిన్. ఓడిపోయినట్టేనా?"

ఆమె లోపలికి పరుగెత్తి గోడమీది కాగితం చింపేసింది.

ఆదివారం చర్చిలో మోకరించింది. దేవుడు క్షమిస్తాడు, సరే. మరి గేటు బయట నిలబడ్డ ఆ మనిషి తరఫున కూడా ఆయనే క్షమించేయగలడా? ఆ ప్రశ్నతో ప్రార్థన సాగలేదు.

గేటు తాళంచెవి పట్టుకుని తిన్నగా వంతెన దగ్గరికి నడిచింది.

కారవాన్‌లో ఒక పెద్దావిడ బట్టలు మడతపెడుతోంది.

"ఆయన లేరా?"

"మా అన్న పోయి ఎనిమిది రోజులైంది. గుండె ఆగింది."

మెరిన్ చేతిలోని తాళంచెవి చూపించింది.

"నేను... కొండ కింది గేటు నాదే. ఈ తాళంచెవి ఇచ్చి, తప్పయిందని చెబుదామని..."

"మీరేనా?" ఆవిడ పరీక్షగా చూసింది. "మిమ్మల్ని ఒక్క మాట అనలేదు. 'ఎందుకో చెప్పేస్తే ఆమె పోనిచ్చేది, నాకే నోరు పెగల్లేదు' అని ఫోన్లో బాధపడేవాడు."

"రాళ్ళెందుకు పడగొట్టేవారు?"

"ఆ చరియమీదనుంచి ఒక కొత్త పెళ్ళికూతురు పడిపోయిందని మీ లోయలో చెప్పుకుంటారట కదా?"

"చిన్నప్పుడు విన్నాను."

"ఆమె మా వదిన."

ఆవిడ చేతిలోని చొక్కా మడతపెట్టడం ఆపేసింది.

"పొగమంచులో ఆమె దారి గుర్తని నమ్మి వెళ్ళిన రాళ్ళ దొంతర, అంతకుముందు రోజు ఫోటో కోసం మా అన్న పేర్చిందే."