పోయినవాళ్ళ తలుపు

ఇటలీలో కొండమీది గుబ్బియో పట్నాన్ని యాత్రికులకు ఒక్క రోజులో తిప్పి చూపించడం అర్మీదా పని. ఆ రోజూ వాళ్ళకు పాత ఇళ్ళ గోడల్లో, పెద్ద తలుపు పక్కనే ఇటుకలతో మూసేసిన సన్న తలుపులు చూపించింది.

"శవాన్ని ఇందులోంచి సాగనంపి, వెంటనే మూసేసేవాళ్ళు. పోయినవాడికి పెద్ద తలుపు దారి గుర్తుండకూడదుగా!" అంటూ నవ్వించింది.

"మరి మీ ఇంట్లోనో?" అని అడిగిందొక ముసలావిడ.

అర్మీదా మాట మార్చేసింది. కిందటి నెల భర్త ఒత్తోరీనో పోయినప్పుడు, "ఈ రోజుల్లో ఆ సన్న తలుపు ఇటుకలు పగలగొట్టేదెవరత్తయ్యా, చాదస్తం కాకపోతే!" అని అల్లుడు కసిరాడు. శవపెట్టె పెద్ద తలుపులోంచే వెళ్ళింది.

చీకటిపడ్డాక ఇంటికొచ్చి, తాళం వేసుకుని, సూప్ గిన్నె ముందు కూర్చుంది. వీధిలో చేతికర్ర చప్పుడు వినిపించింది. అది రాతిమెట్లు ఎక్కుతూ, అచ్చం ఆయనలాగే మలుపు దగ్గర ఆయాసం తీర్చుకుని, మళ్ళీ కదిలింది. పెద్ద తలుపు ముందు ఆగింది.

"ఎవరూ?" అంది అర్మీదా.

తలుపు తీయకూడదని ఆమెకు తెలుసు. తీయాలనీ ఉంది.

ఆ శ్రమ లేకపోయింది. తాళం టక్కుమని తిరిగింది.

ఆ ఇంటికి రెండే తాళంచెవులు. ఒకటి బల్లమీద, ఆమె చేతి పక్కనే ఉంది. రెండోదాన్ని ఆయన కోటు జేబులో తనే పెట్టి సాగనంపింది.