నలభై దాటని ఎర్ర కారు

"ఎడమ తలుపుకి మళ్ళీ రంగు వేయించాం. వెనక బంపరు మార్చాం. క్లచ్ ప్లేట్లు కొత్తవి. గేర్‌బాక్సు విప్పి బిగించాం. ఇక వానొచ్చిందంటే డిక్కీలో చేపలు పెంచుకోవచ్చు," అంటూ డాక్టరు ముందు కూర్చున్న రోగిలా ఏకరువు పెట్టాడు కళ్ళద్దాల షాపాయన.

అన్నీ నిజాలే. ఆయన ఎత్తుగడా అదే. నేలబారుగా, పందెపు గుర్రంలా ఉండే ఆ చిన్న ఎర్ర కారంటే ఆయనకి ప్రాణం. అమ్మెయ్యమని భార్య పట్టు. వాళ్ళ నాన్నకి మోకాళ్ళు వంగవు. ఆసుపత్రికి వెళ్ళాలంటే పెద్దాయన్ని ఇద్దరు పట్టుకుని మడత మంచంలా మడిచి లోపల పెట్టాలి. ఎత్తయిన కారు రావాలంటే ఇది పోవాలి. కాదనే ధైర్యం లేక ఈయన నిజాలు చెప్పడం మొదలుపెట్టాడు. కొనడానికి వచ్చినవాడు వచ్చినట్టే పారిపోయాడు. ఒకాయన ఆ కంగారులో గొడుగు మర్చిపోయి, దానికోసమైనా మళ్ళీ ఇటు తొంగిచూడలేదు.

ఈరోజు వచ్చిన టైలరు మాత్రం కదల్లేదు. మెళ్ళో టేపు వేళ్ళాడుతుండగా, కుట్టు చూసినట్టు తలుపు అంచుని బొటనవేలితో తడిమాడు.

"ఊళ్ళో పాత కార్లన్నీ చూశానండీ. ఎవర్నడిగినా 'పువ్వులా చూసుకున్నాం' అనేవాడే. చిరుగు చూపించి మరీ బట్ట అమ్మేది మీరొక్కరే. తీసుకుంటాను."

అద్దాలాయన గబగబా అడ్డుపడ్డాడు.

"అసలుది చెప్పలేదండీ. నలభైకి చేరితే ఒణుకుతుంది. ఆ పైన ఎంత తొక్కినా కదలదు. సైకిళ్ళవాళ్ళు దాటిపోతూ టాటా చెబుతారు."

ఇది మాత్రం పచ్చి అబద్ధం.

టైలరు కళ్ళు మెరిశాయి. "నిజంగానా?"

"అదిగో, వరండాలో ఉన్న మా మావయ్య గారి మీద ఒట్టు."

"అయితే తాళాలిప్పించండి. అడిగినంతా ఇస్తాను!"

అద్దాలాయన నోరు తెరిచేలోపే భార్య లోపల్నుంచి తాళాలు తెచ్చి టైలరు చేతిలో పెట్టేసింది. వరండాలో పెద్దాయన పైపంచెతో కళ్ళద్దుకున్నాడు.

"చూశావా అమ్మాయీ, మీ ఆయన నోట అబద్ధం రాదు. నా పాడు మోకాళ్ళ కోసం అంత ఇష్టమైన కారు వదులుకుంటున్నాడు. అల్లుడు గారూ, నన్ను ఏ ఆటోలోనో పడేస్తే పోయేది కదా బాబూ!"

"ఊరుకో నాన్నా," అంది కూతురు. "మావయ్య గారి కంటే కారెక్కువా అని ఈయనే అన్నారు."

అన్నమాట నిజమే. అద్దాలాయనకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ పెద్దాయన మీదే ఒట్టు వేశాడు, ఈ మంచివాణ్ణి మోసం చేశాడు. కారు పోతే పోనీ, ఈ పాపం మాత్రం వద్దనుకున్నాడు.

"ఆగండి," అన్నాడు. "ఆ నలభై మాట అబద్ధం. కారు అమ్ముడుపోకూడదని చెప్పాను. నిజానికి ఇది తొక్కితే గాలిలో తేలిపోతుంది. ఇప్పుడు మనస్ఫూర్తిగా అమ్ముతున్నాను. మా మావయ్య గారి కోసం తీసుకోండి, మీకు పుణ్యముంటుంది."

వరండాలో పెద్దాయన పైపంచె దులిపి భుజాన వేసుకున్నాడు. అటు చూసే ధైర్యం ఆయనకి లేకపోయింది.

టైలరు మొహం మాడిపోయింది. తాళాలు తెచ్చి బానెట్ మీద పెట్టేశాడు.

"ఎంత పని చేశారండీ! నలభై దాటదనే కదా నేను సంబరపడింది. నాకొద్దు బాబోయ్!"

"అదేంటండీ, మీరు నెమ్మదిగా నడుపుకుంటే సరి!"

"నడిపేది నేనైతే కదా! మా ఆవిడ మొన్నటిదాకా అంబులెన్సు నడిపి రిటైరైంది."